కుక్క చెవిలో ఆముదం గింజలు



ఈ రోజు మాట్లాడుకునేది కుక్క గురించి. నవ్వకండి. బర్రె గురించి మాట్లాడితే పాలు వస్తాయి, గొర్రె గురించి మాట్లాడితే పైసలు వస్తాయి, కుక్క గురించి మాట్లాడితే ఏం వస్తుంది అని కొందరు అడుగుతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు గొల్ల, కురుమల ఇండ్లలో మాత్రం ఆ మాట ఎవరూ అడగరు. వాళ్ల నల్ల ఉన్ని గొర్రెలను దక్కనీ గొర్రెలు అంటారు. ఆ ఉన్నితోనే గొంగడి నేస్తారు. ఎండాకాలం వస్తే ఇక్కడి గుట్టల మీద గడ్డి ఉండదు, కుంటల్లో నీళ్లుండవు. మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకో, నల్లమల అంచుకో పోతారు. రాత్రి ఎవరిదో ఒకరి చేనులో మంద ఆపుతారు. ఎరువు పడుతుందని చేను ఆసామి వడ్లో పైసలో ఇస్తాడు. ఆ చేనుకు కంచె ఉండదు, తలుపు ఉండదు. కాపలా మనిషి ఒక కునుకు తీస్తే తోడేలు వస్తుంది, లేకపోతే దొంగ వస్తాడు. అప్పుడు మేలుకొని ఉండేది కుక్క ఒక్కటే.

ఒక ఇంటి కథ అనుకుందాం. దేవరకొండ నుంచి అచ్చంపేట పోయే దిక్కు, బండల మధ్య ఒక ఊరు. అత్త, కొడుకు, కోడలు, మూడేండ్ల పిల్ల. నలభై గొర్రెలు. ఒక కుక్క, పేరు మోతి. కోడలు రాత్రి బడికి పోతోంది. నాలుగు నెలలైంది. అక్షరాలు కూడబలుక్కొని చదువుతుంది. పేరు రాస్తుంది. వంద దాకా అంకెలు వచ్చు.

వానలు పడి నెల అయింది. ఒక పొద్దు మోతి గట్క ముట్టలేదు. పొద్దుటి గట్క పొద్దుగూకే దాకా అట్లే ఉంది. ఈగలు ముసిరినయి. మోతి మాత్రం గోడ నీడన పండుకొని తల లేపలేదు.

"అత్తా, మోతికి ఏమైందో చూడుండ్రి. రెండు దినాల సంది చెవులు ఒకటే తీర్గ ఇదిలిస్తున్నది" అంది కోడలు.

అత్త చెవి మడిచి చూసింది. లోపల ఆముదం గింజలు అతికించినట్టు ఉన్నయి. ఒకటి కాదు, రెండు కాదు. చెవి నిండా.

"పిడుదులు బిడ్డా. మెడ కింద జూడు. కాలి ఏళ్ల సందుల జూడు. తోక కింద గూడ ఉంటయి" అంది.

ఈ పురుగును కొన్ని ఊర్లలో పిడుదు అంటారు. కొన్ని ఊర్లలో గోమారు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. రక్తం తాగుడు.

సాయంత్రం కొడుకు మంద తోలుకొని ఇంటికి వచ్చాడు. కుక్కను చూశాడు. అటక మీద నుంచి ఒక సీసా తీశాడు. పోయినేడు పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు.

"బకీట్ల నీళ్లు తే. రెండు మూతలు కలిపి మీద పోస్త. దెబ్బకు రాలుతయి" అన్నాడు.

"గది పత్తి మందు గదా?" అంది కోడలు.

"పత్తిల పురుగు చావలేదా? గదీ పురుగే, ఇదీ పురుగే."

కోడలు సీసా చేతికి తీసుకుంది. దీపం దగ్గరికి పోయింది. కాగితం సగం చినిగింది, నూనె మరకలు పడింది. అయినా ఒక మూలన ఎర్రటి బొమ్మ కనబడుతోంది. దాని మీద రెండు ఎముకలు, ఒక పుర్రె. కింద రెండు అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కుంది.

"వి… షం. విషం."

"అన్ని మందులూ విషాలే. చదువు నేర్చినవని నాకు చెప్తున్నవా?" అన్నాడు కొడుకు.

అప్పుడు అత్త అడ్డం వచ్చింది. "ఆగురా. పోయినేడు మనెన్క ఇంటోల్లు గిట్లనే పోసిండ్రు. కుక్క ఒళ్లు నాకుకున్నది. తెల్లారేసరికి నురుగు కక్కి కాళ్లు తన్నుకున్నది. వాళ్ల పోరగాడు ఆ కుక్కను పట్టుకుంటె వాడికి గూడ వాంతులు. దవాఖానల మూడు దినాలున్నరు. మర్చినవా?"

కొడుకు మాట్లాడలేదు. సీసాను మళ్లా అటక మీద పెట్టబోయాడు. కోడలు ఆపింది. "పిల్ల ఎక్కి తీస్తది. తాళం ఏసే పెట్టెల పెట్టుండ్రి" అంది.

ఈ సీసా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన దేశంలో పంట మందు డబ్బాల మీద ఒక రంగు గుర్తు వేయాలని చట్టం ఉంది. ఒక చదరం ఉంటుంది. దాన్ని నిలువుకోణంగా నిలబెట్టినట్టు ఉంటుంది. దాని కింది సగంలో రంగు. ఎరుపు ఉంటే అన్నిటికన్నా పెద్ద విషం. దాని తరువాత పసుపు. ఆ తరువాత నీలం. చివరకు ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే తాగవచ్చు అని కాదు. మిగిలిన వాటికంటే తక్కువ విషం అని అర్థం, అంతే. చదువు రానివాళ్లు కూడా రంగు చూసి గుర్తుపట్టాలనే ఈ ఏర్పాటు. కాని ఆ రంగుకు అర్థం ఏమిటో ఎంతమందికి చెప్పారు? దుకాణంలో సీసా చేతిలో పెట్టి పైసలు తీసుకుంటారు. గుర్తు చూపించి చెప్పే దుకాణందారు నూటికి ఒకరుంటే గొప్ప.

పంట మందు పంట కోసమే. ఆకుకు చర్మం లేదు, రక్తం లేదు. కుక్కకు ఉన్నాయి. మందు చర్మం నుంచి లోపలికి ఇంకుతుంది. కుక్క నాకితే కడుపులోకి పోతుంది. నోట్లో చొంగ కారుతుంది, ఒళ్లు వణుకుతుంది, కండలు అదురుతాయి, ఊపిరి అందదు. మనిషికి కూడా అంతే. ఎక్కడైనా పొరపాటున పోసి ఉంటే, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకొని వెంటనే సబ్బునీళ్లతో కుక్కను కడగాలి. సీసా వెంట పెట్టుకొని దవాఖానకు పోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు ఇవ్వగలడు.

గమాక్సిన్ పొడి గుర్తుందా? పేలకని, చీమలకని, కుక్క పిడుదులకని ఇంటింటా చల్లేవాళ్లు. బి.హెచ్.సి. అనే ఆ మందును 1997లో మన దేశంలో నిషేధించారు. పాత డబ్బా ఎక్కడన్నా మూలన ఉంటే దాన్ని వాడొద్దు.

ఇంకొక మాట. మహబూబ్‌నగర్ అంటే సీతాఫలం. బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే ఉంది. ఆ గింజలు నూరి తలకు పెట్టుకుంటే పేలు చస్తాయని మన ఆడవాళ్లకు తెలుసు. చస్తాయి, నిజమే. కాని ఆ పొడి కంట్లో పడితే కన్ను ఎర్రబడి, వాచి, నల్లగుడ్డు మీద పొర లేచిపోతుంది. అట్లా కండ్ల దవాఖానలకు వచ్చినవాళ్లు ఎందరో. కుక్క చెవికి ఆ ముద్ద పెడితే అది కాలితో గోక్కుంటుంది, కంటికి రుద్దుకుంటుంది. మన తలకైనా, కుక్క చెవికైనా వద్దు.

కథలోకి వద్దాం.

పత్తి మందు పెట్టెలోకి పోయింది. మరి పిడుదులు ఎట్లా పోవాలి? అత్త దీపం పురి పెంచింది. గోర్లతో ఒక పిడుదును పట్టి గుంజింది. బొటనగోర్ల మధ్య పెట్టి టప్పున చిదిమింది. వేళ్లంతా రక్తం.

తరతరాలుగా చేస్తున్న పని ఇది. తప్పు అంటే పెద్దవాళ్లకు కోపం వస్తుంది. కాని చిదిమినప్పుడు ఆ రక్తంలో రోగం ఉంటే మన గోరు సందులో ఉన్న చిన్న గాయం గుండా లోపలికి పోవచ్చు. రక్తం చింది కంట్లో పడవచ్చు. కోడలు ఆ సంగతి బడిలో విన్నది. అత్తకు ఎట్లా చెప్పాలి?

"అత్తా, మీ చేతులు నొస్తయి. ముండ్లు తీసే చిమటా ఉన్నది గదా, నేను పడత, మీరు దీపం పట్టుండ్రి" అంది. అత్తకు మర్యాద మిగిలింది, పని కూడా మారింది.

చిమటాతో ఎట్లా తీయాలి? వెంట్రుకలు పాయ తీయాలి. చిమటా మొనలు పిడుదు పొట్ట మీద పెట్టొద్దు. పొట్ట పడితే పగులుతుంది. చర్మానికి ఆనించి, పిడుదు మూతి దగ్గర పట్టాలి. తిప్పొద్దు. కుదపొద్దు. నిదానంగా, తిన్నగా పైకి లాగాలి. పిడుదు నోటికి వెనక్కి తిరిగిన ముండ్లు ఉంటాయి. అది చాలదన్నట్టు, కరిచిన చోట ఒక జిగురు కక్కుతుంది. మేస్త్రి సందులో సిమెంటు పెట్టినట్టు ఆ జిగురు గట్టిపడుతుంది. అందుకే ఒక్క గుంజుకు రాదు. కొంచెంసేపు అట్లే లాగి పట్టుకుంటే పట్టు వదులుతుంది. మూతి ముక్క తెగి లోపల ఉండిపోతే సూదితో తవ్వొద్దు. తవ్వితే పుండవుతుంది. సబ్బుతో కడిగి వదిలేస్తే అదే బయటికి వస్తుంది.

చిమటా లేకపోతే వేళ్లకు గుడ్డ చుట్టుకొని, లేదా ప్లాస్టిక్ సంచి తొడుక్కొని తీయవచ్చు.

కిరసనాయిలు పోస్తే ఊడిపోతుంది కదా అని కొందరు అంటారు. బీడీ అంటించి వాత పెడితే రాలుతుంది అని ఇంకొందరు. ఊపిరాడకనో, వేడికో పిడుదు తన్నుకులాడుతుంది. అప్పుడు తన కడుపులోది కుక్క ఒంట్లోకే కక్కవచ్చు. కుక్క చర్మం కాలడం వేరే.

తీసిన పిడుదును వాకిట్లో పారేయొద్దు. రక్తం నిండిన ఆడ పిడుదును నేల మీద వేయడం విత్తనం చల్లడమే. మూత ఉన్న డబ్బాలో చిక్కటి సబ్బునీళ్లు పోసి అందులో వేయాలి. ఉత్త నీళ్లలో అది తొందరగా చావదు. ఎండుతున్న పొయ్యి నిప్పుల్లో వేసినా సరే. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చిమటాను వేడినీళ్లలో కడగాలి.

ఆ రాత్రి వాళ్లు తీసినవి ముప్పై ఆరు. కోడలు నోటుబుక్కు తెచ్చి రాసింది. సోమవారం 36. అది చూసి అత్త నవ్వింది. "పిడుదులకు గూడ లెక్కనా బిడ్డా?"

తెల్లారి మోతి లేవలేదు. ముక్కు నుంచి రెండు చుక్కల రక్తం కారింది. ఉచ్చ ముదురు చాయ రంగులో ఉంది. అత్త పై పెదవి ఎత్తి చిగురు చూసింది. ఎర్రగా, తడిగా ఉండాల్సిన చిగురు తెల్లబడి ఉంది. గొర్రెకు రక్తం తగ్గితే కంటి రెప్ప తిప్పి చూడటం గొల్లలకు తెలిసిన విద్యే. కుక్కకు చిగురు చూడాలి.

ఇది పిడుదు జ్వరం. పిడుదు ఒక కుక్క రక్తం తాగి, ఇంకో కుక్క మీద ఎక్కి, కంటికి కనబడని క్రిములను దాని రక్తంలో వదులుతుంది. ఆ క్రిములు రెండు మూడు రకాలు. ఒక రకం ఎర్ర కణాలను పగలగొడుతుంది. అప్పుడు ఉచ్చ ఎర్రగా, ముదురుగా వస్తుంది. ఇంకో రకం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెరుపుతుంది. అప్పుడు ముక్కున రక్తం కారుతుంది, పొట్ట మీద కమిలినట్టు మచ్చలు పడతాయి. ఒక్కోసారి రెండు రోగాలూ ఒకేసారి ఎక్కుతాయి. కొన్ని క్రిములు ఎక్కడానికి పిడుదు రెండు మూడు దినాలు కరిచి ఉండాలి. కొన్నిటికి కొన్ని గంటలు చాలు. అందుకే రేపు తీద్దాం అనుకోవద్దు.

కొడుకు మోతిని గొంగట్లో చుట్టి బండి మీద పశువుల దవాఖానకు తీసుకపోయాడు. కోడలు వెనక కూర్చుంది. డాక్టరు చెవి కొస నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూశాడు. అద్దాల యంత్రం కింద పెట్టి చూశాడు. సూది వేశాడు. గోళీలు రాసిచ్చాడు.

"అమ్మా, ఈ గోళీ నాలుగు వారాలు వెయ్యాలె. వారంల లేచి గట్క తింటది. తిన్నది గదా అని ఆపొద్దు. ఆపితే క్రిమి మళ్ల లేస్తది" అన్నాడు.

"సారు, గొర్లకు పొడిచే సూది మందు ఇంట్ల మిగిలింది. అది పనికి రాదా?" అని కొడుకు అడిగాడు.

"గొర్రె కొలత వేరు, కుక్క కొలత వేరు. కొన్ని కుక్కలకు ఆ మందు పడనే పడదు. అడక్కుండ పొడవొద్దు" అన్నాడు డాక్టరు.

దవాఖాన దూరమైతే? తెలంగాణలో 2017లో సంచార పశువైద్య బండ్లు మొదలుపెట్టారు. 1962 అని నంబరు. మీ మండలానికి బండి ఏ దినం వస్తుందో దవాఖానలో అడిగి, కాగితం మీద రాసుకొని పెట్టుకోండి.

పిడుదులు చచ్చే మందు కూడా డాక్టరు ఇచ్చాడు. నీళ్లలో కలిపి ఒళ్లు తడిపే మందు. ఇట్లాంటివి పశువుల కోసమే తయారైనవి దుకాణాల్లో దొరుకుతాయి. డెల్టామెత్రిన్ అని ఒకటి, అమిట్రాజ్ అని ఒకటి. మెడ వెనక చుక్కలు వేసేవి, తినిపించే గోళీలు కూడా వచ్చాయి. వాటి ధర ఎక్కువ. ఏదైనా సరే, లీటరు నీళ్లకు ఎన్ని మిల్లీలీటర్లు అని కాగితం మీద రాసి ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ పని చేస్తుందనుకోవడం ఉప్పు ఎక్కువైతే కూర రుచి అనుకోవడం లాంటిది. మూతతో కొలవొద్దు. ఒక్కో మూత ఒక్కో తీరు ఉంటుంది. మందు దుకాణంలో సూదిగొట్టం అడిగి తెచ్చుకోండి. దాని మీద గీతలు, అంకెలు ఉంటాయి. దాన్ని ఈ పనికే ఉంచాలి.

కోడలు ఇట్లా చేసింది. చల్లటి పూట చూసుకుంది. మోతికి ముందుగా కడుపు నిండా నీళ్లు తాపింది. దాహంతో ఉంటే ఒంటి మీద మందునీళ్లు నాకుతుంది కదా. పాత బకీటులో కొలిచి కలిపింది. వంట గిన్నె ముట్టలేదు. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుంది. పిల్లను అత్త దూరంగా ఎత్తుకపోయింది. కండ్లు, నోరు తగలకుండా ఒళ్లు తడిపింది. ఆరేదాకా మోతి మూతికి గుడ్డ వదులుగా కట్టి పక్కనే కూర్చుంది. మిగిలిన నీళ్లు చెరువులో పారబోయలేదు. ఈ మందు చేపలకు గండం. చెరువుకు, బావికి, జీవాలు తాగే గోలానికి దూరంగా గుంత తీసి పోసింది.

పిల్లి ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. కుక్కకు పోసే డెల్టామెత్రిన్ లాంటి మందులు పిల్లి ప్రాణం తీస్తాయి. ఆరేదాకా పిల్లిని దగ్గరికి రానీయొద్దు. పాలు తాగే కుక్కపిల్లలకు, కడుపుతో ఉన్న కుక్కకు డాక్టరును అడగకుండా ఏ మందూ పోయొద్దు. వాటికి చిమటాయే మందు.

మోతి వారానికి లేచింది. ఆ వారంలో మందకు కాపలా లేదు. కొడుకు రెండు రాత్రులు మేలుకొన్నాడు. మూడో రాత్రి కన్ను మూతబడింది. తోడేలు రెండు గొర్రెపిల్లలను ఎత్తుకపోయింది. ఆ రెండు పిల్లలను అమ్మితే వచ్చే పైసలు ఎన్నో, దవాఖానకు అయిన ఖర్చు ఎంతో, కోడలు పక్కపక్కన రాసింది. ఏది ఎక్కువో మీకు లెక్క తెలుసు.

నోటుబుక్కులో పిడుదుల లెక్క కూడా నడుస్తోంది. సోమవారం 36. మంగళవారం 11. బుధవారం 4. శనివారం 0. సున్నా రాసిన దినం అత్త కూడా వచ్చి చూసింది.

ఇరవై దినాలు గడిచినయి. ఒక పొద్దు మోతి చెవి అంచున నువ్వుల్లాంటివి పాకుతున్నయి. వేలితో అంటితే కాళ్లు ఆడించినయి. కోడలు లెక్కపెట్టలేకపోయింది. చాలా అని రాసింది.

"మందు పని చెయ్యలే" అన్నాడు కొడుకు. చాలామంది ఇక్కడే మోసపోతారు. మందు పని చేసింది. ఇవి పాత పిడుదులు కావు. వాటి పిల్లలు.

ఆడ పిడుదు వారమో పది దినాలో కుక్క రక్తం తాగి ఆముదం గింజంత అవుతుంది. తరువాత తనంతట తానే కిందికి రాలుతుంది. కుక్క మీద గుడ్లు పెట్టదు. గోడ సందు చూసుకొని, అందులో దూరి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కొన్ని ఇంకా ఎక్కువ పెడతాయి. ఎండ వేడికి మూడు వారాలకో అటూ ఇటుగానో గుడ్లు పగులుతాయి. పిల్ల పిడుదుకు ఆరు కాళ్లే. అది కుక్కనెక్కి, నాలుగైదు దినాలు రక్తం తాగి, మళ్లా రాలుతుంది. సందులో కుబుసం విడిచి ఎనిమిది కాళ్లదవుతుంది. మళ్లా ఎక్కుతుంది, తాగుతుంది, రాలుతుంది. మళ్లా కుబుసం విడిచి పెద్దదవుతుంది. మూడుసార్లు ఎక్కుడు, మూడుసార్లు దిగుడు. తిండి దొరకకపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి బతికి ఉంటుంది. అంటే కుక్క మీద కనబడేవి కొన్నే. మిగిలినవన్నీ ఇంట్లో ఉన్నాయి.

ఇంట్లో ఎక్కడ? అందరూ నేల వెతుకుతారు. కుక్క పిడుదుకు పైకి ఎక్కడం అలవాటు. గోడ సందులు, గుమ్మం చెక్క వెనక, దూలం కింద, కుక్క పండుకునే మూలకు పైన. మన దిక్కు ఇండ్లు రాతి గోడలు. రాళ్ల మధ్య మట్టి రాలిపోయి వేలు పట్టేంత సందులు. పిడుదులకు అంతకంటే మంచి మిద్దె ఏముంటుంది?

అది ఎగరదు. దుముకదు. దుమికేది గోమారు కాదు, కుక్క ఒంటి మీద ఉరికే వేరే పురుగు. పిడుదు గోడకో గడ్డి కొసకో పట్టుకొని ముందు కాళ్లు చాపి కూర్చుంటుంది. కుక్క ఊపిరిని, ఒంటి వేడిని పసిగడుతుంది. రాసుకొని పోతే చాలు, ఎక్కుతుంది.

అత్తా కోడళ్లు ఆ ఆదివారం గోడ పని పట్టుకున్నరు. మోతి పండుకునే గోనెసంచిని మరిగే నీళ్లలో వేసి ఎండకు వేసినరు. మూలలన్నీ ఊడ్చి ఆ చెత్తను కాల్చినరు. రాళ్ల సందుల్లో సలసల కాగిన నీళ్లు పోసినరు. ఆరినాక మట్టి, పేడ కలిపి సందులు మెత్తినరు. గుమ్మం చుట్టూ సిమెంటు పెట్టినరు. మీద సున్నం వేసినరు. ఇంటి వెనక గడ్డి కోసినరు. కోళ్లను ఆ దిక్కు వదిలినరు. కోడి పిడుదును ఏరుకొని తింటుంది. కోడి ఒక్కటే అన్నీ తినలేదు, ఎంతో కొంత నయం. డాక్టరును అడిగి మళ్లా మోతిని తడిపినరు.

కుక్క పిడుదుకు కుక్క రక్తమే ఇష్టం. ఆవు, బర్రె, గొర్రె మీద పట్టేవి ఎక్కువగా వేరే జాతులు. ఆవు పిడుదు ఒకటుంది, అది పుట్టిన దగ్గర నుంచి రాలే దాకా ఒకే ఆవు మీద ఉంటుంది. దాని సంగతే ఒక పెద్ద కథ. అమెరికా దేశంలో దక్షిణ దిక్కు ఆవులను ఉత్తరానికి తోలుకపోతే ఉత్తరపు ఆవులు జ్వరం వచ్చి చచ్చేవి. దక్షిణపు ఆవులకు ఏమీ కాదు. ఇది పిడుదుల పని అని పశువులు కాసేవాళ్లు అనేవాళ్లు. పెద్ద చదువులవాళ్లు నవ్వేవాళ్లు. చివరకు 1893లో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పరీక్షలు చేసి పిడుదే రోగం మోస్తుందని రుజువు చేశారు. పురుగు ఒకటి ఒంటి నుంచి ఒంటికి రోగం మోస్తుందని పశువుల్లో రుజువైన తొలి సంగతుల్లో అది ఒకటి. కాపరుల మాటే నిజమైంది. 1906లో అక్కడ ఆవులన్నింటినీ మందు తొట్లలో ముంచే పని మొదలుపెట్టి, 1943 దాకా చేస్తే గాని ఆ పిడుదు దేశంలో చాలా మేరకు పోలేదు.

మనుషులకు కూడా పిడుదు జ్వరాలు ఉన్నాయి. మన పక్కనే కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు చచ్చినయి, తరువాత మనుషులకు జ్వరం వచ్చింది. అది అడవి పిడుదులు తెచ్చింది. మన కుక్క మీద పిడుదు ఆ జాతిది కాదు, భయపడవద్దు. కాని కుక్క పిడుదు మనిషిని కరిస్తే మచ్చల జ్వరం ఒకటి రావచ్చు. దానికి మందు ఉంది. పిల్లలకు జ్వరం, ఒంటి మీద ఎర్ర మచ్చలు కనబడితే, ఇంట్లో కుక్కకు పిడుదులు ఉన్నాయని డాక్టరుకు చెప్పాలి. అడిగితే చెబుదాం అని ఊరుకోవద్దు. డాక్టరుకు మన ఇంటి గోడ కనబడదు.

సంతలో కొత్త జీవాన్ని కొన్నప్పుడు కూడా ఇదే చూపు కావాలి. 2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద ఇచ్చింది. చాలా జీవాలు పక్క రాష్ట్రాల నుంచి వచ్చినయి. ఎక్కడి నుంచి వచ్చినా, మందలో కలిపే ముందు కొన్ని దినాలు వేరే కట్టి, చెవులు, తొడ సందులు, తోక కింద చూడాలి.

గోడ మెత్తిన తరువాత కోడలు నోటుబుక్కు ఆపలేదు. దినాం దీపం పెట్టినాక మోతి చెవులు చూడటం ఆ ఇంట్లో అలవాటైంది. ముందు చెవులు, తరువాత మెడ పట్టీ కింద, కాలి వేళ్ల సందులు, చంకలు, తోక కింద. పావుగంట కూడా పట్టదు. చాలా అని రాసిన చోట కింద 14 వచ్చింది. తరువాత 6. తరువాత 9. మళ్లా 2. వరుసగా సున్నాలు కొన్ని. మధ్యలో ఒక 1.

ఎండాకాలం వచ్చింది. కొడుకు మంద తోలుకొని కృష్ణ దిక్కు పోయే దినం. సద్దిమూటలో చిమటా, మూత డబ్బా, సబ్బు ముక్క పెట్టింది కోడలు. నోటుబుక్కు కూడా పెట్టబోయింది.

"నాకు రాయరాదు గదనే" అన్నాడు అతడు.

"ఎన్ని తీస్తే అన్ని గీతలు గియ్యుండ్రి. వచ్చినంక నేను లెక్క రాస్త" అంది.